ఇప్పలొద్దికి పోయిన మంత్రి

కిష్టరాయిపేట ఆడోళ్లు పొద్దుగాల కాల్వల నీళ్లు ముంచుకొచ్చినంక బిందెను వెంటనే వంటింట్లకు తీస్కపోరు. అరుగు మీద దించి కొద్దిసేపు అట్లనే పెడతరు. బిందెల ముచ్చట్లు అయిపోయినంకనే లోపటికి తీస్కపోతరు. ముచ్చట్లు ఉన్న నీళ్లతోటి పప్పు జల్ది ఉడకదు మరి.

కొమురవ్వ గూడ అంతే. గిన్నెలు తోముకుంట, వాకిలి ఊడ్చుకుంట ఒక చెవి బిందె దిక్కు పెట్టి ఉంచుతది. ఒకనాడు కోడి కూస్తది. ఒకనాడు ఇప్పలొద్ది కుమ్మరి మల్లయ్య పెండ్లాంతోటి లొల్లి పెట్టుకుంటడు. ఒకనాడు ఎవలో గొడ్లను అదిలిస్తుంటరు. చానా దినాలు మాత్రం ఆమె తల్లి రాజవ్వ గొంతే వినవడుతది.

"సిద్దీ, లే బిడ్డా! పొద్దు నడినెత్తికొచ్చింది."

పొద్దింక పొడవకముందే అట్ల అనుడు రాజవ్వకు బతికున్నప్పటి సంది అలవాటు.

ఇప్పలొద్ది కొమురవ్వ పుట్టినూరు. ఇప్పుడది ప్రాజెక్టు నీళ్ల అడుగున ఉన్నది; కిష్టరాయిపేట కాల్వల పారేది ఆ నీళ్లే. డెబ్బయి నాలుగుల కట్ట కట్టి గేట్లు దించిననాడు ఊరు మునిగింది. ఊరోళ్లను తీస్కపోయి బండనేల మీద రేకుల కాలనీల పెట్టిన్రు. కొందరు ఆడనే ఉన్నరు, కొందరు మందమర్రి బొగ్గుబాయిల పనికి పోయిన్రు. కాలనీల కన్నుమూసినోళ్లు మాత్రం ఒక్కొక్కలే మళ్ల ఇప్పలొద్దికే చేరుకున్నరు. రాజవ్వ కాలనీల రెండో ఎండకాలం దాటలే. ఆమె దినాలు అయిన తెల్లారే కొమురవ్వ బిందెల ఆమె గొంతు వినవడ్డది. ఇంటి ముందటి జామకాయలు ఎవడు తెంపిండని తిడుతుంది. కొమురవ్వ ఏడ్చుకుంటనే నవ్వింది.

ఊరు మునిగేనాటికి కొమురవ్వ కిష్టరాయిపేటకు కోడలై వచ్చి ఉన్నది. కాల్వ రాకముందు కిష్టరాయిపేట బతుకు చెప్పుకోతరం కాదు. వానకాలం నాలుగు మక్కలు, ఎండకాలం కైకిలి కూలి. పొద్దటి మక్క గడ్కల నీళ్లు పోసి మాపటికి కలుపుకునేది. వాగుల చెలిమె తోడితే మట్టి నీళ్లు ఊరేటియి. ఆ నీళ్లు తాగే ఆమె తొలిసూరు బిడ్డ వాంతులు బేదులై చేతులల్లనే పోయింది. కాల్వ వచ్చినంక పుట్టిండు కైలాసం. వరి అన్నం తిని పెరిగిండు. ఇప్పుడు సొంత ట్రాక్టరు నడుపుతడు, యాసంగికి నాలుగూర్ల పొలాలు దున్నుతడు.

కట్ట కట్టిచ్చింది, ఊరు ముంచింది, కాల్వ తెచ్చింది అన్నీ ఒక్కడే, మంత్రి మురహరిరావు. అందుకే ఆయన పేరు వినవడ్డప్పుడల్ల కొమురవ్వ ఒక చెయ్యి నొసటికి పెడతది, ఇంకో చేతి మెటికలు విరుస్తది. "పుట్టిల్లు ముంచిండు, అత్తిల్లు నిలవెట్టిండు. గాయినను తిట్టాల్నా, మొక్కాల్నా?" అంటది. పెనిమిటి అంజన్న నిమ్మలస్తుడు. "పొద్దున తిట్టు, మాపున మొక్కు" అంటడు.

కొమురవ్వ తమ్ముడు సిద్దిరాములుకు మాత్రం ఆ మొక్కుడు నచ్చదు. మునిగిననాడు ఆఖరుకు ఊరు దాటింది ఆయననే. మందమర్రిల బొగ్గుబాయి పని చేస్తడు. అక్క ఇంటికి ఏడాదికొకసారి వస్తే మందమర్రి నుంచి డబ్బాల తాగేటి నీళ్లు తెచ్చుకుంటడు. అరుగు మీద కూసోడు, బిందె దగ్గర నిలవడడు. అరుగు అవతల యాపచెట్టు కిందనే మంచం వేయించుకుంటడు. కిష్టరాయిపేట నీళ్లు ఒక్క చుక్క నోట్ల పోసుకోలే, ఒక్క మాట చెవుల ఏసుకోలే.

కొమురవ్వకు ఇంకో రంది గూడ ఉన్నది. సిద్దిరాములు బిడ్డ నర్మదను కైలాసానికి చేసుకోవాలని ఆమెకు చిన్నప్పటి సంది ఆశ. పిల్లలిద్దరికి గూడ మనసున్నది. అడిగితే సిద్దిరాములు ఒక్కటే మాట అన్నడు. "అక్కా, నీ కొడుకు బంగారం. కని ఆ నీళ్లు తాగే ఇంటికి నా బిడ్డను ఇయ్య." ఇచ్చోడల ఒక సంబంధం చూస్తున్నడని కబురొచ్చింది. కొమురవ్వ ఆ కబురు విన్న దినం బువ్వ తినలే.

తొంభై ఆరుల, యాసంగి నాట్లు పడుతున్నప్పుడు మురహరిరావు సచ్చిపోయిండు.

బస్సాగేకాడ వెంకటి చాయ్ హోటల్ల రేడియో ఆ మాట చెప్పంగనే ఊరు ఊరంత అక్కడికే వచ్చింది. వెంకటి చాయ్ గంజు దించి పొయ్యి ఆర్పేసిండు. వెంకటిది ఒక కాలు కుంటి. అరవై తొమ్మిదిల కరీంనగర్ల సదువుకుంటుండె. ప్రత్యేక రాష్ట్రం కావాలని మురహరిరావు మైకుల పిలిస్తే పుస్తకాలు పారేసి రోడ్డెక్కిండు. లాఠీ దెబ్బకు మోకాలు పలిగింది. ఆ మోకాలు అతుకకముందే మురహరిరావు సర్కారుతోటి కలిసిపోయి మంత్రి అయిండు.

"దగాకోరు," అన్నడు వెంకటి. "మమ్ముల ముందట నూకి కుర్చీ ఎక్కిండు." అనుకుంటనే హోటల్ గోడకున్న మురహరిరావు పటం దించి, తుండుగుడ్డతోటి తుడిచి, బల్ల మీద పెట్టి ఊదుబత్తి ముట్టిచ్చిండు. కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. "ఏం మనిషివయ్యా! ఒక్కసారన్న నా కాలెట్లున్నదని అడుగకపోతివి."

ఎవలూ నవ్వలే. ఒకాయన ఎమర్జెన్సీల తన అన్నను జైల్ల ఏసిండని గుర్తు చేసిండు. ఇంకొకాయన తన పొలం చూపెట్టి, ఇది ఎవని పుణ్యం అన్నడు. ఇద్దరు కొద్దిసేపు మాటామాటా అనుకున్నరు. తర్వాత ఇద్దరు కలిసే పటానికి బంతిపూల దండ గుచ్చిన్రు. నాట్లేసే కైకిలోళ్లు ఆ పూట గట్టెక్కి ఊకున్నరు. ఎవలు చెప్పలే, కని ఆ పూట ఊర్ల పొయ్యిలు ఆలస్యంగ అంటుకున్నయి. కొమురవ్వ కాల్వ గట్టున కూసోని, పోయిన తొలిసూరు బిడ్డను యాది చేసుకొని ఏడ్చింది. ఈ నీళ్లు రెండేండ్ల ముందుగాల వచ్చి ఉంటే అనుకున్నది. తల్లిని తల్సుకొని గూడ ఏడ్చింది. ఈ నీళ్లు అసలు రాకపోయి ఉంటే అనుకున్నది.

మూడోనాడు సర్పంచ్ జలపతిరావు చాటింపు వేయించిండు. మురహరిరావు బూడిద ఆయన కోరిక ప్రకారం ప్రాజెక్టు నీళ్లల్లనే కలుపుతరంట. పోయేటోళ్లకు ట్రాక్టర్లు పెడతరంట.

ఆ మాపున్నే సిద్దిరాములు వచ్చిండు. చేతుల నీళ్ల డబ్బా, ఎనుక నర్మద. బాపును ఒక్కన్ని పంపితే ఏం లొల్లి పెట్టుకుంటడోనని పిల్ల ఎంట వచ్చింది. సిద్దిరాములు యాపచెట్టు కిందనే నిలవడ్డడు.

"లోపటికి రా తమ్మీ."

"గీడనే మంచిగున్నది. అక్కా, రేపు నువ్వు పోతున్నవా కట్ట మీదికి?"

కొమురవ్వ చేటల బియ్యం చెరుగుడు ఆపలే. "పోత."

"మొక్కుతవా?"

"గింత బువ్వ తింటున్న. మొక్కనా మరి?"

"ఆ నీళ్లల్ల కలిపితే ఆయన ఏడికి పోతడో ఎరుక లేదా నీకు? ఇప్పలొద్దికి పోతడు! అవ్వ కాడికి పోతడు. బతికినన్ని దినాలు మనోళ్లను పరేషాన్ చేసిండు. పాపం, సచ్చినంకనన్న వాళ్ల ఊర్ల వాళ్లు జర నిమ్మలంగ ఉన్నరనుకుంటే ఆడికి గూడ వస్తుండు. మళ్ల పెద్దరికం చేస్తడు. మళ్ల ఎవల ఇల్లు ఎవలదో చెప్తడు." ఆయన నీళ్ల డబ్బాను కింద పెట్టిండు. "రేపు మేం ముంపోళ్లమంత కట్ట మీద అడ్డం నిలవడతం. రానియ్యం."

"పోలీసోళ్లు ఉంటరు సిద్దిరాములూ," అన్నడు అంజన్న. "కాలం మంచిగ లేదు. ఎవల్ని ఏ పేరు మీద పట్టుకపోతున్నరో తెలుస్తలేదు."

"ఉండనియ్యి బావా. బొగ్గుబాయిల దిగేటోన్ని, నాకేం భయం?"

నిజంగనే, రేపు ఆ మనిషి పోయి వాకిట్ల నిలవడితే అవ్వ ఏమంటది? ఉన్న ఊరును రెండోసారి ఇడిచిపెట్టి పోతదా? ఆ ఆలోచనకు కొమురవ్వ చేతుల చేట ఆగింది.

వంటింట్ల నర్మద మేనత్త పక్కన కూసోని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంట మెల్లగ అన్నది. "అత్తమ్మా, బాపుతోటి అనకు. నేను చిన్నప్పుడే తాగిన గీ నీళ్లు. బిందెల నాయినమ్మ మాట విన్న."

"ఏమన్నది?"

"పొద్దాక బాపునే పిలుస్తది."

మరునాడు కట్ట మీద ఇసుకేస్తే రాలనంత జనం. ఏడ్చేటోళ్లు ఏడుస్తున్నరు, తిట్టేటోళ్లు మెల్లగ తిడుతున్నరు. పల్లీలమ్మేటోళ్లు గూడ వచ్చిన్రు. నీళ్ల ఒడ్డున ముంపోళ్లు నల్లగుడ్డలు పట్టుకొని వరసగ నిలవడ్డరు, నడుమ సిద్దిరాములు. వాళ్ల ముందట పోలీసులు.

మురహరిరావు భార్య సరళాదేవి కారు దిగి కుండ పట్టుకొని నడిచొచ్చింది. సన్నటి ముసలామె, తెల్లచీర. సిద్దిరాములు పోలీసుల భుజాల మీదికెల్లి గట్టిగ అన్నడు.

"అమ్మా! మీకు చేతులెత్తి దండం పెడత. గోదావరి ఉన్నది, కాళేశ్వరం ఉన్నది. గీడ మాత్రం వద్దు. మావోళ్లు ఉన్నరు గీడ."

ఆమె ఆగింది. "నేను గూడ కాళేశ్వరమే అన్న బిడ్డా. ఆయన ఇప్పలొద్దికే పోవాలన్నడు. ఎందుకని అడిగితే అటు తిరిగి పండుకున్నడు."

సిద్దిరాములు పోలీసులను నూకి ఒక అడుగు ముందటికేసిండు. అంతే, లాఠీలు లేచినయి. ఆయన అంగి చినిగింది, మూతి పలిగింది. నలుగురు కలిసి గుంజుకపోయి వ్యాన్ల ఏసిన్రు. అదే నిమిషం పడవల సరళాదేవి కుండ వంచింది. 'అమర్ రహే' అని జనం అరిచిన్రు. కొమురవ్వ చేతులు వాటంతటవే జోడయినయి. ఆ జోడించిన చేతులు ఇప్పకుండనే ఆమె వ్యాన్ ఎనుక ఉరికింది. "నా తమ్ముడు సారూ! ఒక్కడే తమ్ముడు సారూ!"

వ్యాన్ ఆగలే. ఉరికి ఉరికి ఆమె మట్టిల కూలవడ్డది. కైలాసం వచ్చి లేపిండు. ఒడ్డుకొచ్చిన సరళాదేవి ఇదంత చూసింది. పోలీసు పెద్దసారును పిలిచి ఏదో అన్నది. ఏమన్నదో ఎవలకు వినవడలే కని, పొద్దుగుంకేయాల్లకు ముంపోళ్లనందరినీ ఇడిచిపెట్టిన్రు.

మందమర్రి బస్సు అప్పటికే పోయింది. సిద్దిరాములు యాపచెట్టు కింద మంచం మీదనే పండుకున్నడు. ఆయన డబ్బాల నీళ్లు అయిపోయినయి. నర్మద చెంబు పట్టుకొని పోతే తల అటు తిప్పుకున్నడు.

తెల్లారి కొమురవ్వ బిందె తెచ్చి అరుగు మీద దించింది. సప్పుడు లేదు. పక్కింటి బిందెల లేదు, ఎదురింటి కడవల లేదు. ఇన్నేండ్లల్ల నీళ్లు ఇట్ల మూగవోవుడు ఎవలూ ఎరుగరు. ఆడోళ్లు మళ్ల పోయి ముంచుకొచ్చిన్రు. అయినా లేదు. ఊరంత అరుగుల మీద కూసున్నది. ఎవలూ నాట్లకు పోలే.

సిద్దిరాములు మంచం మీద లేచి కూసున్నడు. ఆయన పెదవులు ఎండి తెల్లగ పొక్కులొచ్చినయి. "చూసినవా అక్కా? నేనేం చెప్పిన? మనోళ్లను మళ్ల ఎల్లగొట్టిండు."

అవ్వ రెండోసారి సచ్చిపోయినట్టే అనుకున్నది కొమురవ్వ.

పొద్దు నడినెత్తికొచ్చినప్పుడు బిందెల కుక్క మొరిగింది. తర్వాత నాలుగు కుక్కలు మొరిగినయి. చెప్పుల సప్పుడు, దగ్గు.

"ఎవలు బిడ్డా అది, ఎండల?" రాజవ్వ గొంతు.

"నేనవ్వా. మురహరిరావును."

అంజన్న బీడీ చల్లారిపోయింది.

"ఇప్పుడా వచ్చుడు? కాలనీల నీళ్లు లేవని నీకు మనుషులను తోలితిమి. ఇయ్యాలొస్తడు, రేపొస్తడని చూసినం. సచ్చేదాక చూసినం."

"రాలేకపోయిన అవ్వా."

"రాలేకపోతివా, రాకపోతివా?"

"రాకపోతి," అన్నది ఆ గొంతు. మైకుల విన్న గొంతే, కని సగమయింది.

"మంచిది. అగో, మావోళ్లంత కూసున్నరు, నువ్వొస్తున్నవని నిన్నటి సంది ఒక్కలు నోరు మెదపలే. ఒక్కొక్కలు అడుగుతరు. అన్నిటికి చెప్పాలె. చెప్తవా?"

"చెప్తనవ్వా. అందుకే వచ్చిన."

"ఏమన్న తిన్నవా?"

"లే."

"మొఖం చూడు, ఎట్ల పీక్కపోయిందో. కాళ్లు కడుక్కో. మక్క గడ్క ఉన్నది, పచ్చిపులుసు ఉన్నది. ఓ మల్లయ్యా, జర ఆగు, తినేటోన్ని ఏం అడుగొద్దు. తిన్నంక అడుగుదురు."

పీట వేసిన సప్పుడయింది. కంచు గిన్నె రాతి మీద పెట్టిన సప్పుడయింది. కొమురవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. చూస్తే, సిద్దిరాములు మంచం మీద లేడు. ఎప్పుడు లేచిండో, ఎట్ల నడిచిండో, అరుగు మీద బిందె పక్కన గొంతుక్కూసున్నడు.

"నీ కొడుకు నన్ను రావద్దన్నడవ్వా," మురహరిరావు అంటున్నడు. "ఆయనది తప్పు లేదు."

"అంటడు. వాడు అంత పాయిరం గల్లోడు. ఊరు మునిగిననాడు నన్ను వీపు మీద ఎక్కిచ్చుకొని గుట్టెక్కిచ్చిండు. నా దూప చూసిండు కని వాని దూప వాడు చూసుకోలే." రాజవ్వ గొంతు మెత్తవడ్డది. అంతలనే పెద్దగ, వాకిట్ల నిలవడి పిలిచినట్టు పిలిచింది. "సిద్దీ! ఓ సిద్దీ! గిన్నేండ్ల సంది పిలుస్తున్న బిడ్డా, ఒక్కనాడన్న పలుకవైతివి!"

సిద్దిరాములు బిందెకు చెవి ఆనిచ్చిండు. బొగ్గు మరకలు పోని ఆ పెద్ద చేతులతోటి బిందెను పొదువుకున్నడు. "అవ్వా," అన్నడు. బిందెల నీళ్లు నిమ్మలమయినయి. అయినా ఆయన చెవి తియ్యలే. పొద్దు వాలేదాక అట్లనే కూసున్నడు.

ఆఖరుకు తల ఎత్తకుండనే అన్నడు.

"అక్కా, దూపయితుంది."

కొమురవ్వ చెంబు ముంచి ఇచ్చింది. ఆయన గటగట తాగిండు. ఇంకో చెంబు తాగిండు. మూతి మీది గాయం మంటకు కండ్లు మూసుకున్నడు. నర్మద తండ్రి వీపు మీద చెయ్యేసి నిలవడ్డది.

"ఇచ్చోడోళ్లకు ఇంక మాట ఇయ్యలే, బావా," అన్నడు సిద్దిరాములు అంజన్నతోటి, ఏదో పొలం పని మాట్లాడినట్టు. "మాఘంల మంచిరోజు చూద్దాం. లగ్గం గీడనే చేద్దాం. మందమర్రిల చేస్తే అవ్వకెట్ల వినవడుతది?"

కైలాసం ట్రాక్టరు కాడికి పోయి, ఏం పని లేకున్నా బానెట్ తుడుచుడు మొదలువెట్టిండు.

ఆ దినాలల్ల కిష్టరాయిపేట బిందెలల్ల వేరే ముచ్చట లేదు. ఇప్పలొద్దోళ్లు అడుగుడు, మురహరిరావు చెప్పుడు. కొన్నిటికి సక్కగ చెప్పిండు. కొన్నిటికి మంత్రుల తీరున సుట్టూ తిప్పిండు. అప్పుడు రాజవ్వ, "సారూ, గది గాదు అడిగింది" అని గదిమేది. కట్ట ఎందుకు కట్టిన అని చెప్పినప్పుడు, కింద ఎండిపోయిన ఊర్ల పేర్లు వరసగ చెప్పిండు. అండ్ల కిష్టరాయిపేట పేరు విని ఆ ఊరోళ్లు అరుగుల మీద తలవంచుకున్నరు. బండనేల మీద ఎందుకు పడేసినవంటే మాత్రం ఆయనకు జవాబు రాలే. చానా దినాలు రాలే. ఒకనాడు "మర్శిపోయిన" అన్నడు. ఆనాడు ఇప్పలొద్దిల ఎవలూ ఆయనకు గడ్క పోయలే. మరునాడు మళ్ల పోసిన్రు.

వెంకటి గూడ కుంటుకుంట రోజూ కాల్వ కాడికి వచ్చేటోడు. ఇప్పలొద్దోళ్లు అరవై తొమ్మిది ఊసు ఎత్తలే. "వాళ్ల లెక్క వాళ్లది," అన్నడు వెంకటి. "నాది నేను పోయిననాడు నేనే అడుగుత. తొందరేమున్నది?" పటాన్ని మాత్రం మళ్ల గోడకు కొట్టిండు.

మాఘంల లగ్గమయింది. వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మొక్కు తీర్చుకొచ్చిన్రు. కుమ్మరింటి నుంచి డప్పులతోటి ఐరేని కుండలు తెచ్చి, కాల్వ నీళ్లు నింపి, పందిరి పక్కన పెట్టిన్రు. నర్మద పసుపు చీరెల, కైలాసం బాసింగంతోటి ఎదురెదురు కూసున్నరు. కొమురవ్వ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, పోయిన బిడ్డ మళ్ల ఇంటికొచ్చినట్టే ఉన్నదని అంజన్న చెవుల చెప్పింది.

పుస్తెకు ముందటి మంత్రం అందుకునేటందుకు బాజాలు జర ఆపుమన్నడు అయ్యగారు. ఆ నిమిషం సప్పుడు లేనప్పుడు ఐరేని కుండల రాజవ్వ గొంతు అందరికీ వినవడ్డది.

"ఓ సారూ, నువ్వు పొడుగు మనిషివి. జర జరుగు. నా మనుమరాలి లగ్గం నాకు కనవడుతలేదు."

"రా అవ్వా, ముందటికి రా," అన్నడు మురహరిరావు.

సిద్దిరాములు లేచి పోయి, ఐరేని కుండను రెండు చేతుల పట్టుకొని, నీళ్లు ఒలకకుండ, మెల్లగ పందిరి దిక్కు వంచిండు.